రెండు ఓట్లు మారియుండినచో: ఫిలిప్పీను దీవుల స్వాతంత్ర్య చరిత్రపై ఒక పాఠము

చరిత్ర పరీక్షలో "ఏమి జరిగినది?" అని అడుగుదురు గాని "అట్లు జరుగకపోయినచో ఏమయ్యెడిది?" అని అడుగరు. అడిగినచో జవాబులకు మార్కులు వేయుట ఉపాధ్యాయులకు కష్టము. అయినను ఈ రెండవ ప్రశ్న పనికిమాలినది కాదు. ఒక యుద్ధమునకు గాని విప్లవమునకు గాని "ఇది కారణము" అని మనము వ్రాయునప్పుడెల్ల, ఆ కారణము లేకపోయినచో ఆ యుద్ధము వచ్చెడిది కాదని లోలోపల ఒప్పుకొనుచునే యున్నాము. ఆ లోపలి మాటను పైకి తీసి పరీక్షించుటయే ఊహా చరిత్ర. దానికి కట్టుబాటు కలదు. మార్చదలచినచో ఒక్క సంఘటనను మాత్రమే మార్చవలెను. తక్కినదంతయు ఉన్నది ఉన్నట్లుండవలెను. మనకు నచ్చిన ముగింపు వచ్చువరకు ఒకదాని తరువాత ఒకటి మార్చుకొనుచు పోయినచో అది కాశీమజిలీ కథ యగును.

ఈ పాఠమునకు మేము ఫిలిప్పీను దీవులను తీసికొనుచున్నాము. 1565 మొదలు 1898 వరకు, అనగా 333 సంవత్సరములు, స్పెయిను దేశము క్రింద నుండిన వలస రాజ్యమది. అచ్చటి ప్రజలు 1898 జూన్ 12న స్వాతంత్ర్యమును ప్రకటించుకొనిరి. ఆ స్వాతంత్ర్యము వారి చేతికి వచ్చినది 1946 జూలై 4న. నడుమ 48 సంవత్సరములు. పుట్టిన బిడ్డ తాతయగుటకు చాలిన కాలము. ఆ 48 సంవత్సరములు తప్పిపోవుటకు వీలుండెనా? ఇది మన ప్రశ్న.

పటము తీసి చూడుడు. చెన్నపట్టణమునుండి తూర్పుగా బంగాళాఖాతము దాటి, మలక్కా జలసంధి గుండ దక్షిణ చీనా సముద్రములో ప్రవేశించినచో ఆవలి యంచున 7,641 దీవుల సమూహము కనబడును. మనకు సంబంధము లేని దూరదేశమని దీనిని తీసివేయరాదు. 1762లో ఇంగ్లండునకును స్పెయినుకును యుద్ధము వచ్చినప్పుడు మనీలా నగరమును పట్టుకొనుటకు పోయిన నౌకాదళము చెన్నపట్టణపు రేవునుండియే లంగరెత్తినది. సైన్యమునకు విలియం డ్రేపరు, నౌకలకు శామ్యూల్ కార్నిషు నాయకులు. తెల్ల సైనికులతోపాటు ఈస్టిండియా కంపెనీవారి దేశీయ సిపాయిలు కొన్ని వందలమంది ఆ ఓడలలో నుండిరి. అక్టోబరు మొదటి వారములో మనీలా లొంగిపోయెను. చెన్నపట్టణపు కౌన్సిలు సభ్యుడగు డాసన్ డ్రేకు ఆ నగరమునకు గవర్నరయ్యెను. 1764లో దళము తిరుగుముఖము పట్టినప్పుడు కొందరు సిపాయిలు వెనుకకు రాలేదు. మనీలాకు తూర్పున నున్న కైంటా యను ఊరిలో నిలిచి, అచ్చటి స్త్రీలను వివాహమాడి, అచ్చటివారే యైపోయిరి. వారి సంతతివారు నేటికిని ఆ ప్రాంతమున గలరు. పరాయిభాష నడుమ తరతరములుగా కాపురముండుట ఎట్టిదో మన పాఠకులకు మేము వేరుగా చెప్పనక్కరలేదు.

ఇచ్చటనే మొదటి "అయినచో" ఎదురగుచున్నది. ఇంగ్లీషువారు మనీలాను విడువకుండినచో? 1763 ఫిబ్రవరిలో పారిసులో సంధి జరుగునాటికి మనీలా పట్టుబడిన వార్త ఐరోపాకు చేరనే లేదు. అప్పటికి వార్త అందని జయములను ప్రతిఫలము లేకుండ తిరిగి ఇచ్చివేయవలెనని సంధిలో వ్రాసికొనిరి. కావున మనీలా మరల స్పెయినుకు పోయెను. వార్త అందియుండినచో కథ వేరుగా నడిచెడిదని చెప్పుటకు మనకు ఆధారము కలదు. అదే సంవత్సరము ఇంగ్లీషువారు క్యూబాలోని హవానా నగరమును కూడ పట్టుకొనిరి. ఆ వార్త సకాలములో చేరినది. హవానాను తిరిగి ఇచ్చుటకు బదులుగా వారు ఫ్లారిడాను పుచ్చుకొనిరి. ఊహా చరిత్రలో ఇది మంచి పద్ధతి: ఒక చోట ఏమి జరిగియుండెడిదో తెలియవలెనన్నచో, అట్టి స్థితిలోనే యున్న మరియొక చోట నిజముగా ఏమి జరిగినదో చూడవలెను. హవానాను మరువకుడు. క్యూబా మరల మనకు సాక్ష్యమునకు వచ్చును.

అయినను ఈ మొదటి ఊహను ఇంతటితో విడిచిపెట్టుదము. ఒక దొర పోయి మరియొక దొర వచ్చుటను స్వాతంత్ర్యమునకు దారి యనజాలము.

స్పెయిను పాలన మన దేశములోని ఇంగ్లీషు పాలన వంటిది కాదు. రాజోద్యోగులు మనీలాలో నుండిరి. పల్లెలలో రాజ్యము చేసినవారు మఠవాసులగు క్రైస్తవ సన్యాసులు. పాఠశాల వారిది, జనన మరణముల లెక్క వారిది, మంచి భూములు పెక్కులు వారివి. వారు ప్రజలకు స్పానిషు నేర్పుటకంటె తామే తగాలోగు, సెబువానో, ఇలొకానో మొదలగు భాషలు నేర్చి బోధించుట మేలని తలచిరి. 1593లో మనీలాలో అచ్చయిన క్రైస్తవ ధర్మ గ్రంథమొకటి స్పానిషులోను, తగాలోగులోను, తగాలోగు వారి ప్రాచీన లిపిలోను గూడ నుండెను. దీని ఫలితము విచిత్రము. మూడు శతాబ్దుల పాలన తరువాత స్పానిషు వచ్చినవారు కొద్దిమందియే, దేశభాషలన్నియు బ్రదికియుండెను. కాని ఆ భాషలు మాత్రమే వచ్చినవారికి కచేరీలో నోరు లేదు, కోర్టులో నోరు లేదు. 1837 తరువాత స్పెయిను పార్లమెంటులో ఈ దీవులకు ప్రతినిధి యైనను లేడు. భాష బ్రదికి, దానికి అధికారము లేకుండుట యను స్థితిని ఇచ్చట గమనింపవలెను.

1872లో కావిటే ఆయుధాగారములో నొక చిన్న తిరుగుబాటు జరుగగా, దానిని సాకుగా గొని ప్రభుత్వము గోమెజ్, బుర్గోస్, సమోరా యను ముగ్గురు మతాచార్యులకు మరణశిక్ష విధించెను. అప్పటికి హోసే రిజాల్ పదేండ్ల బాలుడు. అతడు పెరిగి కంటి వైద్యుడయ్యెను, నవలాకారుడయ్యెను. 1887లో బెర్లినులో మొదటి నవలను, 1891లో గెంటు నగరములో రెండవ నవలను అచ్చు వేయించెను. రెండవదానిని ఆ ముగ్గురికే అంకితమిచ్చెను. రెండును స్పానిషులో వ్రాసినవే. తన ఊరివారిలో నూటికి తొంబదిమంది చదువలేని భాషలో తన ఊరివారి కష్టములను వ్రాయవలసి వచ్చుట ఎట్టి స్థితియో ఆలోచింపుడు. ఆ పుస్తకములు చదువవలసినవారు మాడ్రిడులో నుండిరి గదా!

రిజాల్ మొదట వేర్పాటు కోరలేదు. ప్రతినిధిత్వము, సమాన న్యాయము, వాక్స్వాతంత్ర్యము కోరెను. దానికే 1892లో అతనిని దపితాన్ అను మారుమూలకు ప్రవాసము పంపిరి. అదే నెలలో ఆండ్రేస్ బోనిఫాసియో యను పేదవాడు, గిడ్డంగిలో పనిచేయువాడు, కటిపునాన్ అను రహస్య సంఘమును స్థాపించెను. 1896 ఆగస్టులో సంఘము గుట్టు బయటపడెను, తిరుగుబాటు మొదలయ్యెను. సరిగా ఆ సమయమున రిజాల్, క్యూబాలోని స్పెయిను సైన్యమునకు వైద్యుడుగా పోవుటకు అనుమతి పొంది ఓడలో నుండెను. ఓడ సింగపూరులో ఆగినప్పుడు, దిగిపొమ్మని తోడి ప్రయాణికుడు బోధించెను. రిజాల్ దిగలేదు. తరువాత అతనిని నిర్బంధించి వెనుకకు తెచ్చి, 1896 డిసెంబరు 30న మనీలాలో తుపాకులకు గురిచేసిరి.

సింగపూరులో దిగియుండినచో? చాలమంది ఈ ప్రశ్నకు "దేశమునకు గొప్ప నాయకుడు దక్కెడివాడు" అని జవాబు చెప్పుదురు. మాకు అంత నమ్మకము లేదు. మరణమునకు రెండు వారములు ముందు, డిసెంబరు 15న, రిజాల్ చెరసాలనుండి ఒక ప్రకటన వ్రాసి ఆ తిరుగుబాటును ఖండించెను. బ్రదికియుండినచో అతడు సంస్కరణ పక్షమునకు పెద్దయై, బోనిఫాసియో పక్షమునకు ఎదురు నిలిచియుండుటకే అవకాశమెక్కువ. అతని చావు ఆ రెండు పక్షములను కలిపినది. స్పెయినువారు తమకు మిగిలిన ఒకే యొక మధ్యవర్తిని తామే చంపుకొనిరి.

దీనికంటె బరువైన "అయినచో" ఒకటి కలదు. 1897 నవంబరులో స్పెయిను క్యూబాకును, ప్యూర్టోరికోకును స్వపరిపాలన నొసగెను. ఫిలిప్పీనులకు ఇయ్యలేదు. అదే శాసనములో ఇంకొక పేరు చేర్చుటకు సిరా ఎంత కావలెను! చేర్చకుండుటకు కారణము పైన చెప్పినదే. క్యూబావారు స్పానిషు మాట్లాడువారు, స్పెయినునుండి పోయినవారి సంతతివారు ఎక్కువమంది. మాడ్రిడు దృష్టిలో వారు "మనవారు". తగాలోగు మాట్లాడువారు స్వపరిపాలనకు తగరని మాడ్రిడు మంత్రుల నమ్మకము. కావున ఈ యొక్క సంఘటనను మార్చవలెనన్నచో 300 సంవత్సరముల అలవాటును మార్చవలెను. అది మన కట్టుబాటుకు విరుద్ధము. ఈ ఊహను కూడ ప్రక్కన బెట్టుదము.

ఇంతలో విప్లవములో లోపలి కలహము పెరిగెను. 1897 మార్చిలో తెహేరోస్ సభలో ఎమిలియో అగినాల్డో అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను, బోనిఫాసియో ఒప్పుకొనలేదు, మే 10న స్వజనమే అతనిని చంపిరి. డిసెంబరులో బియాక్ నా బాటో యొడంబడికపై అగినాల్డో హాంగ్‌కాంగునకు పోయెను. స్పెయిను 8 లక్షల పెసోలు ఇచ్చుటకు ఒప్పుకొని మొదట 4 లక్షలిచ్చెను. ఆ సొమ్మును అతడు బ్యాంకులో వేసి ఆయుధములకై దాచెను. ఇరుపక్షములును ఆ ఒడంబడికను నమ్మలేదని దీనివలననే తెలియును.

1898 ఫిబ్రవరి 15న హవానా రేవులో 'మెయిన్' అను అమెరికా యుద్ధనౌక ప్రేలిపోయెను. ఏప్రిలులో అమెరికాకును స్పెయినుకును యుద్ధము వచ్చెను. మే 1న డ్యూయీ యను నౌకాధిపతి మనీలా అఖాతములో స్పెయిను నౌకలను కొన్ని గంటలలో నాశనము చేసెను. సముద్రము అతనిదయ్యెను గాని నేలపై దింపుటకు సైన్యము లేదు. మే 19న అగినాల్డో అమెరికా ఓడలోనే హాంగ్‌కాంగునుండి తిరిగి వచ్చెను. నాలుగు వారములు తిరుగకమునుపే జూన్ 12న కవిట్ గ్రామములో జెండా ఎగురవేసి స్వాతంత్ర్యమును చాటెను. ఆ ప్రకటనలో అమెరికా రక్షణను గూర్చి ఒక మాట చేరినది. అపొలినారియో మాబినికి అది రుచింపలేదు. కాళ్లు చచ్చుపడి మంచముమీద కూర్చుండియే రాజ్యాంగ విషయములు నడిపిన యీ న్యాయవాది చూపు చాల దూరము పోయెడిది.

ఫిలిప్పీను సైనికులు మనీలా చుట్టును కందకములు త్రవ్వి నగరమును దిగ్బంధించిరి. లోపలనున్న స్పెయినువారికి ఓటమి తప్పదు; ఎవరికి ఓడిపోవుట యనునదే వారి చింత. డ్యూయీయు, స్పెయిను గవర్నరును బెల్జియం కన్సలు ద్వారా రహస్యముగా మాటలాడుకొనిరి. ఆగస్టు 13న పేరునకు కొంత ఫిరంగి మ్రోగించి, నగరమును అమెరికావారికి అప్పగించుట, ఫిలిప్పీనువారిని లోపలికి రానీయకుండుట అని ఏర్పాటు. అట్లే జరిగెను. వీధినాటకములో కత్తియుద్ధము వంటిది! అంతకు కొన్ని గంటలు ముందే వాషింగ్టనులో యుద్ధవిరామముపై సంతకములైనవి. ఆ వార్త మనీలాకు ఆగస్టు 16న గాని అందలేదు, ఏలయన మనీలా టెలిగ్రాఫు తీగను మే నెలలో డ్యూయీ తానే కోయించెను. 1763లో వలెనే 1898లోను మనీలా విషయములో వార్త ఆలస్యమైనది. (బలేర్ అను ఊరి చర్చిలో చిక్కుకొనిన స్పెయిను సిపాయిలు మరింత విచిత్రమైనవారు. యుద్ధము ముగిసినదని ఎవరు చెప్పినను నమ్మక 1899 జూన్ వరకు 337 దినములు ఆ చర్చిని విడువలేదు.)

సెప్టెంబరులో మలోలోస్ పట్టణపు బారసోఆయిన్ చర్చిలో ఫిలిప్పీను ప్రతినిధులు సభ తీరి రాజ్యాంగమును వ్రాసిరి. డిసెంబరు 10న పారిసులో స్పెయిను ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించెను. ఫిలిప్పీను రాయబారి ఫెలిపే అగోన్సిల్యోను ఆ సభలోనికి రానీయలేదు. ఇల్లు ఎవరిదో వారిని గుమ్మము వెలుపల నిలిపి బేరము చేసిరి. 1899 జనవరి 23న మలోలోసులో రిపబ్లికు ప్రారంభోత్సవము జరిగెను. అప్పటికే ఆ దేశము కాగితముమీద అమ్ముడుపోయియుండెను.

ఇప్పుడు అసలు లెక్కకు వచ్చితిమి. సంధి చెల్లవలెనన్న అమెరికా సెనేటులో మూడింట రెండు వంతుల ఓట్లు కావలెను. ఫిబ్రవరి 6న ఓట్లు తీసికొనిరి. అనుకూలము 57, ప్రతికూలము 27, మొత్తము 84. ఎనుబది నాలుగులో మూడింట రెండు వంతులు 56. ఒక్కరు మనసు మార్చుకొనినచో 56కు 28. అప్పటికిని సంధి నెగ్గును. ఇద్దరు మార్చుకొనినచో 55కు 29, ఓడిపోవును. ఒక దేశము గతి రెండు ఓట్లపై వ్రేలాడినది.

ఆ రెండు ఓట్లు ఎందుకు మారలేదు? రెండు దినములు ముందు, ఫిబ్రవరి 4 రాత్రి, మనీలా శివారున నెబ్రాస్కా దళపు కావలి సిపాయి యొకడు చీకటిలో ఎదురుపడిన ఫిలిప్పీనువారిపై తుపాకి పేల్చెను. తెల్లవారునప్పటికి పోరు అంతట వ్యాపించెను. ఓట్లకు ముందే ఆ వార్త వాషింగ్టనుకు చేరెను. తమ సైనికులు రణరంగమున నుండగా సంధిని త్రోసిపుచ్చుట కష్టమని కొందరు సెనేటర్లు తలచిరి. ఈ సారి తీగ సక్రమముగనే పనిచేసినది!

ఇంతవరకు చూచినచో "తుపాకి పేలకపోయినచో స్వాతంత్ర్యము 1899లోనే" అని తేల్చవచ్చునని తోచును. తొందరపడకుడు. ఆ సెనేటు కాలపరిమితి మార్చి 4తో ముగియును. తరువాత వచ్చు సెనేటులో అధ్యక్షుడు మెకిన్లీ పక్షమునకు బలమెక్కువ. ఫిబ్రవరిలో ఓడిన సంధిని అతడు మార్చిలో మరల తెచ్చి నెగ్గించుకొనెడివాడు. రెండు ఓట్ల మార్పు ఒక నెల వ్యవధి నిచ్చెడిది; అంతకు మించి ఇచ్చుననుట మాకు నమ్మశక్యముగా లేదు.

అందుకే మేము ఇంకొక ఓటును ఎన్నుకొనుచున్నాము. ఫిబ్రవరి 14న జార్జియా సెనేటరు బేకన్ ఒక సవరణను ప్రతిపాదించెను. ఆ దీవులపై శాశ్వతాధికారము అమెరికాకు అక్కరలేదనియు, అచ్చట స్థిరమైన స్వతంత్ర ప్రభుత్వమేర్పడినప్పుడు దేశమును దానికి అప్పగింతుమనియు దాని సారాంశము. ఓట్లు 29కి 29. ఉపాధ్యక్షుడు హోబార్ట్ తన ఓటును వ్యతిరేకముగా వేసి దానిని ఓడించెను. ఆ ఓటు ఇటు పడి, దిగువ సభయు అధ్యక్షుడును దానికి తలయొగ్గియుండినచో ఏమయ్యెడిది?

దీనికి సాక్షి క్యూబా. 1898 ఏప్రిలులోనే సెనేటరు టెల్లర్ ప్రతిపాదింపగా, క్యూబాను తమలో కలుపుకొనబోమని అమెరికా శాసనము చేసెను. అదే యుద్ధము, అదే శత్రువు, అదే సైన్యము. ఒక దీవికి వాగ్దానము కలదు, మరియొక దేశమునకు లేదు. క్యూబాలో అమెరికా సైన్యము మూడేండ్లకు పైగా నుండి 1902 మే 20న అధికారమును క్యూబావారికిచ్చి వెడలిపోయెను. ఆ వాగ్దానమునకు తోకయు కలదు. ప్లాట్ సవరణ యను పేర, తమకు తోచినప్పుడు జోక్యము చేసికొను హక్కును అమెరికా క్యూబా రాజ్యాంగములోనే వ్రాయించెను. 1906 నుండి 1909 వరకు సైన్యమును మరల దింపెను. గ్వాంటనామో నౌకాస్థావరము నేటికిని విడువలేదు. ఆ సవరణ 1934లో రద్దయ్యెను.

కావున బేకన్ సవరణ నెగ్గియుండినచో ఫిలిప్పీనుకు దొరకెడిది నిండు స్వాతంత్ర్యము కాదు. క్యూబావంటి ముక్కుతాడు గల స్వాతంత్ర్యము. మనీలా అఖాతములో నొక నౌకాస్థావరము, విదేశ వ్యవహారములలో నొక షరతు, కొన్ని యేండ్ల సైనిక పాలన తప్పెడివి కావు. కాని వాగ్దానము విన్న వెంటనే పోరు చల్లారియుండుటకు అవకాశము కలదు. జరిగిన చరిత్రలో ఆ పోరు 1902 జూలై వరకు అధికారికముగా సాగెను. అమెరికావారు 4,200 మందికి పైగాను, ఫిలిప్పీను యోధులు 20,000 మందికి పైగాను మరణించిరి. హింసవలన, కరవువలన, వ్యాధులవలన మడిసిన సామాన్య ప్రజలు 2 లక్షల వరకు నుందురని లెక్క. బటాంగాస్ వంటి చోట్ల పల్లెలకు పల్లెలను ఖాళీ చేయించి శిబిరములలో బంధించిరి. హోబార్ట్ గారి ఓటు బరువు అదియే.

ఆ రిపబ్లికు నిలిచెడిదా? నిలువదనువారి వాదమును తేలికగా తీసివేయరాదు. మనీలా అఖాతములో జర్మనీ యుద్ధనౌకలు 1898లోనే తిరుగుచుండెను. మరుసటి యేడు జర్మనీ కరోలిన్, మరియానా దీవులను స్పెయినువద్ద కొనెను. నెగ్రోస్ దీవిలోని చెరకుతోటల యజమానులు తమ ప్రత్యేక ప్రభుత్వమును పెట్టుకొని, త్వరలోనే అమెరికా జెండా క్రిందికి పోయిరి. దక్షిణమున మిండనావో, సులూ ప్రాంతపు ముస్లిములు స్పెయినుకే పూర్తిగా లొంగినవారు కారు. మలోలోసు మాటను వారేల విందురు? అన్నిటికంటె పెద్ద దెబ్బ లోపలిది. 1899 జూన్ 5న సేనాని ఆంటోనియో లూనాను అగినాల్డో అంగరక్షక దళమువారే చంపిరి. మలోలోస్ సభలో ధనవంతుల మాట ఎక్కువ. మాబిని వారికి అడ్డుపడి మే నెలలోనే పదవిని విడువవలసి వచ్చెను. సన్యాసుల భూములు దేశమునకు చెందునని ఆ రాజ్యాంగము చెప్పినను, అవి కౌలురైతునకు చేరియుండెడివని మేము చెప్పజాలము. అమెరికా పాలనలో ప్రభుత్వము ఆ భూములు సుమారు 4 లక్షల ఎకరములు కొని అమ్మగా, పెద్ద కామందులే ఎక్కువ లాభపడిరి. స్వతంత్ర రాజ్యములోను అట్లే జరిగెడిదేమో. అయినను స్వదేశపు కామందుతో పోరాడుట వేరు. వేల మైళ్ల దూరపు సెనేటుతో పోరాడుట వేరు.

ఇక మన పాఠకులకు మిక్కిలి దగ్గరగు భాషా విషయము. 1897లో బియాక్ నా బాటో విప్లవకారులు వ్రాసిన రాజ్యాంగము తగాలోగునే రాజభాషగా ప్రకటించెను. 1899 నాటి మలోలోస్ రాజ్యాంగము 93వ అధికరణములో వేరు దారి త్రొక్కెను: దేశములో మాట్లాడు భాషలలో దేనినైనను ఎవరైనను వాడుకొనవచ్చును, ప్రభుత్వ కార్యములకును, న్యాయస్థానములకును మాత్రమే శాసనము భాషను నిర్ణయింపవలెను, ప్రస్తుతమునకు వానికి స్పానిషు. రెండేండ్ల లోపల అదే విప్లవము ఇంత దూరము నడిచినది. మొదటిది తగాలోగు ప్రాంతపు యోధుల పత్రము. రెండవది ఇలొకానో, బిసయా ప్రాంతములను గూడ కలుపుకొనదలచినవారి పత్రము. మా అభిప్రాయములో రెండవదియే రాజనీతి.

జరిగిన చరిత్రలో ఈ అధికరణమునకు పరీక్ష రాలేదు. 1901 ఆగస్టులో 'థామస్' అను ఓడలో సుమారు 500 మంది అమెరికా ఉపాధ్యాయులు దిగిరి. బడులలో ఇంగ్లీషు మాధ్యమమయ్యెను. వారిలో పెక్కుమంది శ్రద్ధగల గురువులే. అయినను ఇంటి మాట బడి గుమ్మము దాటి లోనికి రారాదను అలవాటు ఆనాడు నాటుకొనెను. 1937లో అధ్యక్షుడు కేసోన్ తగాలోగును జాతీయభాషకు ఆధారముగా ప్రకటించెను. 1959లో దానికి పిలిపినో అని పేరు పెట్టిరి. 1987 రాజ్యాంగము ఫిలిపినో అనెను. సెబువానో మాట్లాడువారు తమ భాష ఏమయ్యెనని అడుగుచు వచ్చిరి. 2012లో ప్రాథమిక తరగతులకు మాతృభాషలలో బోధన ప్రారంభమయ్యెను; 2024లో చేసిన శాసనము ఆ నిర్బంధమును తొలగించెను. 170కి పైగా భాషలున్న దేశములో పుస్తకములు, ఉపాధ్యాయులు సమకూర్చుట సులభము కాదు. మన దేశములో 1956లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఏ అధికరణము భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనని చెప్పుచున్నది. అధికరణమునకును తరగతి గదికిని నడుమ ఎంత దూరమో మన తలిదండ్రులెరుగుదురు. 93వ అధికరణము బ్రదికియుండినను ఆ దూరమును నడువవలసియే యుండెడిది. కాని వారు 1899లోనే నడక మొదలిడియుండెడివారు.

జపాను మాట యేమి? స్వతంత్రమైనంత మాత్రమున 1941 తప్పెడిది కాదు. సయాము స్వతంత్ర దేశమే. 1941 డిసెంబరులో జపాను సేన దానిలోనికిని వచ్చెను. అయినను సయాము రాజధాని మనీలావలె బూడిద కాలేదు. 1945 ఫిబ్రవరి, మార్చి నెలలలో మనీలా కొరకు అమెరికా, జపాను సైన్యములు పోరాడగా సుమారు లక్షమంది పౌరులు మరణించిరి. అమెరికా సైన్యమునకు అది కేంద్రము కాకపోయినచో ఆ యుద్ధము ఆ వీధులలో జరిగెడిది కాదని చెప్పుట సాహసము కాదని తలచెదము.

ఇట్టి ఊహలు మొదట చేసినవాడు రిజాలే. 1889, 1890 సంవత్సరములలో 'నూరేండ్ల తరువాత ఫిలిప్పీను' అను అర్థము గల వ్యాసమును నాలుగు భాగములుగా ప్రకటించెను. సంస్కరణలు ఇయ్యకున్నచో దీవులు స్పెయినును విడుచుననియు, ఐరోపా రాజ్యములు వానిని తీసికొనుటకు వెనుకాడుననియు వ్రాసి, అమెరికా మాత్రము ఒకనాడు పరదేశములపై ఆశపడవచ్చునేమో యనెను. అట్లు చేయుట అమెరికా సంప్రదాయమునకు విరుద్ధమని తానే సమాధానము చెప్పుకొనెను. తొమ్మిదేండ్లలో ఆ సంప్రదాయము మారినది. 1962లో అధ్యక్షుడు మకపగాల్ స్వాతంత్ర్య దినమును జూలై 4 నుండి జూన్ 12కు మార్చెను. నేడు వారు పండుగ చేసికొనునది 1898 నాటి ప్రకటనకే.

పై తరగతుల విద్యార్థులకు ఒక పని. అదే యుద్ధములో అమెరికా చేతికి వచ్చిన మూడవ దేశము ప్యూర్టోరికో. 1897లో దానికి స్వపరిపాలన వచ్చినది; 1898లో పోయినది; 1917లో ప్రజలకు అమెరికా పౌరసత్వము దొరకినది; 1949 వరకు బడి భాషను గూర్చిన తగవు సాగి, ఆ యేడు స్పానిషు మాధ్యమముగా స్థిరపడినది; 1952లో ప్రత్యేక రాజ్యాంగము వచ్చినది. నేటికిని అది స్వతంత్ర దేశమును కాదు, అమెరికాలో నొక రాష్ట్రమును కాదు. ఏ యొక్క సంఘటనను మార్చినచో అది క్యూబా దారిని గాని, ఫిలిప్పీను దారిని గాని పోయియుండెడిది? ఒక్కదానిని మాత్రమే మార్చి, రెండు పుటలకు మించకుండ వ్రాయుడు.